మురుగునీరు బాగుపడింది... మరి మడ్డి మాటేమిటి?

తెల్లారి లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఇంట్లో నీళ్లు పారుతూనే ఉంటాయి. స్నానం చేసినవి, గిన్నెలు కడిగినవి, బట్టలు ఉతికినవి, మరుగుదొడ్లో పోసినవి... అన్నీ ఒకే దారి పడతాయి. గొట్టంలోకి జారిపోయాక వాటి ఊసే మనకు పట్టదు. డ్రైనేజీ పొంగినప్పుడు తప్ప!

కాస్త తెలిసినవాళ్లను అడిగితే ‘ఆ నీళ్లు శుద్ధి కేంద్రానికి వెళ్తాయి, అక్కడ బాగుచేసి నదిలోకి వదులుతారు’ అంటారు. మంచిదే. ఇక్కడే ఓ చిన్న ప్రశ్న. నీళ్లలోంచి తీసిన మురికి ఎక్కడికి పోతుంది?

బట్ట ఉతికితే మురికి నీళ్లలోకి దిగుతుంది. నీళ్లను ఉతికితే అది ఇంకో చోటికి చేరాల్సిందే. శుద్ధి కేంద్రంలో అడుగున చేరే ఆ చిక్కటి నల్లటి పదార్థాన్ని ఇంజినీర్లు ‘స్లడ్జ్’ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే మడ్డి. సరిగ్గా చూసుకుంటే పొలానికి ఎరువు. చూసుకోకపోతే అదే పొలానికి విషం. ఏది అవుతుందన్నది శుద్ధి కేంద్రం చేతిలో ఉందనుకుంటాం. అసలు సంగతి వేరే చోట ఉంది. అది తెలుసుకోవడానికి పెద్ద దేశాలకు వందేళ్లకు పైగా పట్టింది. మనం ఇప్పుడిప్పుడే ఆ దారిలో అడుగు పెడుతున్నాం.

సూక్ష్మజీవుల విందు

ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియమ్ లాకెట్ అనే ఇద్దరు రసాయనవేత్తలు 1914లో ఓ ప్రయోగం ఫలితాలను బయటపెట్టారు. మురుగునీటిలోకి గాలి ఊదారు. అడుగుకు చేరిన మడ్డిని పారబోయకుండా అట్టే పెట్టి, దాంట్లోనే మళ్లీ కొత్త మురుగునీళ్లు పోశారు. మళ్లీ గాలి ఊదారు. అలా చేస్తూపోతే, మొదట్లో వారాలు పట్టిన శుద్ధి కొన్ని గంటల్లోనే పూర్తవడం మొదలైంది! పెరుగు తోడుకోవడానికి నిన్నటి పెరుగు చుక్క వేస్తాం చూడండి... అలాంటిదే ఇదీ. పాత మడ్డిలోని సూక్ష్మజీవులు కొత్త నీళ్లలోని మురికిని తినేస్తాయన్నమాట. ‘యాక్టివేటెడ్ స్లడ్జ్’ అని దానికి పేరు పెట్టారు. నేటికీ ప్రపంచంలో ఎన్నో శుద్ధి కేంద్రాలు ఈ పద్ధతితోనో, దీనికి మెరుగులు దిద్దిన పద్ధతులతోనో నడుస్తున్నాయి.

చిక్కేమిటంటే, తిన్న సూక్ష్మజీవులు పెరుగుతాయి. పెరిగినవి ఎప్పటికప్పుడు అడుగుకు చేరతాయి. వాటిని బయటికి తీయాలి. అంటే శుద్ధి ఎంత బాగా జరిగితే మడ్డి అంత ఎక్కువ. ఐరోపా దేశాల్లో మనిషికి ఏడాదికి సుమారు 20 కిలోల పొడి మడ్డి తేలుతుందని ఓ అంచనా. పొడిగా చూస్తే ఇంతే. కేంద్రం నుంచి బయటికొచ్చేటప్పుడు మాత్రం దాంట్లో 95 శాతానికి పైగా నీళ్లే ఉంటాయి. పిప్పి పిండినట్టు యంత్రాల్లో పిండినా ఇంకా ముప్పావు వంతు నీళ్లే! దాన్ని లారీలకు ఎత్తాలి, ఎక్కడికో మోసుకెళ్లాలి. శుద్ధి కేంద్రం నడిపే ఖర్చులో మడ్డి వాటా పెద్దదే.

మరో లక్షణం కూడా ఉంది. సీసం, కాడ్మియం, పాదరసం లాంటి భారలోహాలు, నీటిలో తేలిగ్గా కరగని రసాయనాలు చాలావరకు మడ్డికే అతుక్కుంటాయి. నీళ్లు తేరుకున్నాయంటే వాటిలోని విషం చాలావరకు మడ్డిలోకి దిగిందన్నమాట. పైనుంచి పారే నీళ్లను చూసి మురిసిపోతే సరిపోదు. అడుగున ఉన్నది కూడా చూడాలి.

సముద్రంలోకి పడవలు... ఎడారికి రైళ్లు

ఇంత మడ్డిని ఏం చేయాలి? చాలా నగరాలకు ముందు తోచిన ఉపాయం ఒక్కటే... కనపడకుండా పారేయడం.

లండన్ సంగతే చూడండి. 1878 సెప్టెంబరులో థేమ్స్ నదిలో ‘ప్రిన్సెస్ ఆలిస్’ అనే పడవ మునిగి 600 మందికి పైగా చనిపోయారు. నగర మురుగును నదిలోకి వదిలే చోటికి దగ్గర్లోనే ఆ ప్రమాదం జరిగింది. ఆ మురుగు వల్లే ఈదబోయినవాళ్లు కూడా బతకలేదన్న మాట అప్పట్లో గట్టిగా వినిపించింది. ఆ తర్వాత మురుగులోంచి మడ్డిని వేరుచేయడం మొదలుపెట్టారు. వేరుచేసిన దాన్ని 1887 నుంచి ఓడల్లో నింపుకొని సముద్రంలో పారబోశారు. ఒకటి రెండేళ్లు కాదు, 1998 దాకా సాగింది ఈ వ్యవహారం. మురుగునీటిపై ఐరోపా సమాజం 1991లో తెచ్చిన ఆదేశం గడువు ముంచుకొచ్చాక గానీ ఓడలు ఆగలేదు.

అట్లాంటిక్‌కు అవతల న్యూయార్క్‌ది కూడా ఇదే దారి. 1924 నుంచి తీరానికి 12 మైళ్ల దూరంలో పారబోసేవాళ్లు. గొడవలు ముదిరాక 1980ల్లో ఆ చోటును 106 మైళ్ల దూరానికి మార్చారు. మడ్డి తగ్గలేదు, దూరం పెరిగిందంతే. చివరికి అమెరికా పార్లమెంటు 1988లో సముద్రంలో పారబోయడాన్ని నిషేధించింది. 1992 జూన్‌తో న్యూయార్క్ ఓడలు ఆగిపోయాయి.

మరి మడ్డి ఆగుతుందా? రైలెక్కింది! టెక్సస్ రాష్ట్రంలో సియెర్రా బ్లాంకా అనే ఎడారి ఊరి పక్క భూముల్లో చల్లడానికి 1992 నుంచి 2001 దాకా న్యూయార్క్ మడ్డి రైళ్లలో వెళ్లింది. 2018లోనైతే మరీ విడ్డూరం. న్యూయార్క్, న్యూజెర్సీల నుంచి బయల్దేరిన మడ్డి రైలు అలబామాలోని పారిష్ అనే చిన్న ఊళ్లో రెండు నెలలు నిలిచిపోయింది. ఊళ్లో జనం వెయ్యి మంది ఉంటారేమో. పిల్లలు ఆడుకునే మైదానం పక్కనే ఆ పెట్టెలు! కంపు భరించలేక అక్కడివాళ్లు పడిన పాట్లు దేశమంతా వార్తయ్యాయి.

ఒక చోట తలుపు మూస్తే మడ్డి ఇంకో తలుపు వెతుక్కుంటుంది. ఆ తలుపు ఎప్పుడూ బీదవాళ్లదో, నోరు లేనివాళ్లదో అయి ఉంటుంది.

సంచిలోకెక్కిన మడ్డి

అందరూ పారేయలేదు. అమెరికాలోని మిల్వాకీ నగరం ఇంకో దారి వెతికింది. మాంచెస్టర్ పద్ధతిని పెద్ద ఎత్తున అమలు చేసిన తొలి అమెరికా నగరాల్లో అదొకటి. వచ్చిన మడ్డిని వేడి డ్రమ్ముల్లో ఎండబెట్టి, గుళికలు చేసి, సంచుల్లో నింపి 1926 నుంచి ఎరువుగా అమ్మింది. పేరు ‘మిలోర్గనైట్’. మిల్వాకీ, ఆర్గానిక్, నైట్రోజన్ మాటల్ని కలిపి అల్లిన పేరది. గోల్ఫ్ మైదానాల్లో పచ్చిక పెంచేవాళ్లకు బాగా నచ్చింది. దాదాపు వందేళ్లుగా అమ్ముడవుతూనే ఉంది.

అందులో ఆశ్చర్యం లేదు. మనం తిన్న తిండిలోని నత్రజని, భాస్వరం వెళ్లేది ఎక్కడికి? మురుగులోకే కదా! ముఖ్యంగా భాస్వరం. అది గాలిలోంచి తయారు చేసుకునేది కాదు. రాతి గనుల్లోంచి తవ్వి తేవాల్సిందే. మన దేశమైతే రాతి భాస్వరం కోసం చాలావరకు విదేశాల మీదే ఆధారపడింది. మన డీఏపీ బస్తా ధర అంతర్జాతీయ బజారును బట్టి ఎందుకు ఊగుతుందో రైతులకు తెలిసిందే. మురుగులోని భాస్వరంలో ఎక్కువ భాగం చివరికి చేరేది మడ్డిలోకే. అలాంటిదాన్ని గుంటలో పూడ్చిపెట్టడమంటే డబ్బు పూడ్చిపెట్టడమే.

అయితే పొలంలో వేసే ముందు దాంట్లో ఇంకేం ఉందో తెలియాలి. నిబంధనలు పుట్టింది ఇక్కడే.

కొలతలూ కట్టుబాట్లూ

ఐరోపా దేశాలు 1986లో ఒక ఆదేశం తెచ్చుకున్నాయి. అమెరికా పర్యావరణ సంస్థ 1993లో ‘503వ భాగం’ పేరుతో పెద్ద నిబంధనావళి ప్రకటించింది. అందులో రెండు సంగతులు ముఖ్యం.

ఒకటి, రోగకారక జీవులు. మడ్డిని ‘ఎ’, ‘బి’ తరగతులుగా విడదీశారు. బాగా వేడిచేసో, కంపోస్టు చేసో సూక్ష్మజీవుల్ని దాదాపు లేకుండా చేస్తే అది ‘ఎ’. గ్రాము పొడి మడ్డిలో మలజనిత కోలిఫాం బ్యాక్టీరియా వెయ్యికి లోపు ఉండాలి. సంచుల్లో అమ్ముకోవచ్చు, పెరట్లో వేసుకోవచ్చు. ‘బి’ తరగతికి ఆ హద్దు 20 లక్షలు. అందుకే దానికి ఆంక్షలు ఎక్కువ. చల్లిన పొలంలో 30 రోజులదాకా పశువుల్ని మేపకూడదు. నేలకు తగిలే కాయగూరలు 14 నెలలదాకా కోయకూడదు. దుంపలకైతే ఇంకా ఎక్కువ కాలం ఆగాలి.

రెండోది, లోహాలు. ఆర్సెనిక్, కాడ్మియం, రాగి, సీసం, పాదరసం, మాలిబ్డినం, నికెల్, సెలీనియం, జింకు... ఈ తొమ్మిదింటికీ హద్దులు గీశారు.

పేరు కూడా మార్చారండోయ్! ‘స్లడ్జ్’ అంటే జనం ముక్కు మూసుకుంటున్నారని అక్కడి మురుగునీటి నిపుణుల సంఘం 1991లో ‘బయోసాలిడ్స్’ అనే కొత్త మాట తెచ్చింది. కొత్త పేరుతో, ప్రభుత్వ ముద్రతో లక్షలాది ఎకరాల్లో చల్లారు. లెక్కలన్నీ సరిపోయాయి. లెక్కలో రాయనిది మాత్రం ఒకటి మిగిలిపోయింది.

పాలల్లో తేలిన విషం

అమెరికా ఈశాన్య మూలన మెయిన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ ఒక కుటుంబం తరతరాలుగా పాడి మీద బతుకుతోంది. 1980ల నుంచి వాళ్ల పచ్చిక బయళ్లలో ప్రభుత్వ అనుమతితోనే మడ్డి చల్లారు. ఉచితంగా ఎరువు వస్తుంటే ఏ రైతు కాదంటాడు? గడ్డి ఏపుగా పెరిగింది. ఆవులు మేశాయి.

2016లో పాలు పరీక్షిస్తే ‘పీఫాస్’ జాతి రసాయనాలు తేలాయి. పాత్రలకు అంటుకోకుండా పూసే పూతల్లో, తడవని బట్టల్లో, మంటలార్పే నురగలో, కాగితానికి నూనె అంటకుండా వేసే పొరల్లో వాడే రసాయనాలివి. వేల రకాలున్నాయి. ఎండకు, వానకు, సూక్ష్మజీవులకు లొంగవు. అందుకే ‘శాశ్వత రసాయనాలు’ అని పేరు పడింది. మడ్డిలోంచి మట్టిలోకి, మట్టిలోంచి గడ్డిలోకి, గడ్డిలోంచి పాలల్లోకి... అవి నడిచిన దారి అది. పాలు పారబోశారు. వ్యాపారం కుప్పకూలింది. ఆ తర్వాత వెతికితే అలాంటి పొలాలు ఇంకా బయటపడ్డాయి.

గమనించండి. ఇక్కడ రైతు తప్పు లేదు. నిబంధన ఎవరూ మీరలేదు. తొమ్మిది లోహాల పరీక్షా నెగ్గి ఉండొచ్చు. పదోది ఏమిటో ఎవరూ అడగలేదంతే.

మెయిన్ రాష్ట్రం 2022 ఏప్రిల్‌లో మడ్డిని పొలాల్లో వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. అమెరికాలో అలా చేసిన తొలి రాష్ట్రం అదే. నష్టపోయిన రైతుల కోసం 6 కోట్ల డాలర్ల నిధి పెట్టింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులివి. పైగా నిషేధంతో కథ ముగియలేదు. పొలానికి వెళ్లే మడ్డి చెత్త గుంటలకు మళ్లింది. అక్కడా పట్టక 2023లో కొంత కెనడాకు తరలించాల్సి వచ్చింది. చూశారా, మళ్లీ పాత కథే!

2025 జనవరిలో అమెరికా పర్యావరణ సంస్థ ఒక ముసాయిదా నివేదిక విడుదల చేసింది. పీఫాస్‌లో బాగా తెలిసిన రెండు రకాల్లో ఏ ఒక్కటి మడ్డిలో వంద కోట్ల భాగాల్లో ఒక్క భాగం ఉన్నా, అది చల్లిన భూముల్లో బతికేవాళ్లకీ, అక్కడి పాలూ గుడ్లూ ఎక్కువగా తినేవాళ్లకీ ముప్పు హద్దు దాటవచ్చని అందులో ఉంది. దేశంలో అందరూ తినే తిండికి ఈ లెక్క వర్తించదని కూడా చెప్పింది.

ఐరోపాలో కొందరు వేరే దారి పట్టారు. స్విట్జర్లాండ్ పొలాల్లో మడ్డి వేయడాన్ని 2006 నుంచి మానేస్తూ వచ్చింది. కాల్చి బూడిద చేస్తుంది. జర్మనీ 2017లో తెచ్చిన నిబంధన ప్రకారం పెద్ద శుద్ధి కేంద్రాలు 2029 నుంచి మడ్డిలోని భాస్వరాన్ని తిరిగి రాబట్టాలి. మంచి ఆలోచనే. కానీ కొలిమి పెట్టాలన్నా, భాస్వరం తీయాలన్నా డబ్బు కావాలి. ప్రతి పురపాలక సంఘానికీ అది సాధ్యమయ్యే పని కాదు.

మొదట్లోనే పట్టుకుంటే...

అందరికీ చేతనయ్యే దారి మరి లేదా? ఉంది. మిచిగన్ రాష్ట్రం చేసి చూపించింది.

2018లో అక్కడి అధికారులు శుద్ధి కేంద్రాల్ని పిలిచి ‘మీ కాలువలోకి పీఫాస్ ఎవరు వదులుతున్నారో కనిపెట్టండి’ అన్నారు. శుద్ధి కేంద్రాలు పైపుల వెంట వెనక్కి నడిచాయి. చాలాచోట్ల దొంగ దొరికింది. ఎక్కువమంది క్రోమ్ పూత వేసే కర్మాగారాలవాళ్లు. ల్యాపీర్ అనే చిన్న పట్టణంలో అలాంటి కర్మాగారం ఒకటి ఉంది. అది తన నీళ్లను బొగ్గు వడపోతలోంచి పంపడం మొదలుపెట్టాక, పట్టణ శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిలో ఆ రసాయనం తొంభై శాతానికి పైగా తగ్గిపోయింది. ఒక్క కర్మాగారం దగ్గర ఒక్క వడపోత! పట్టణం మొత్తం మురుగునూ వడపోయడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇదెంత? ఆ పైన 2021లో మడ్డికి హద్దు పెట్టారు. అది దాటితే పొలానికి పంపకూడదు.

ఈ కథంతటి సారం ఇదే. మడ్డి ఎరువవుతుందా, విషమవుతుందా అన్నది కాలువ చివర తేలదు. కాలువ మొదట్లో, ఎవరు ఏం పోశారన్న దగ్గరే తేలిపోతుంది. కర్మాగారాల నీళ్లూ ఇళ్ల నీళ్లూ ఒకసారి కలిశాక విడదీయడం ఎవరి తరం? చారులో ఉప్పెక్కువైతే తీయగలమా!

మన గడప దగ్గరికొస్తే

ఇప్పుడు మన లెక్కలు చూద్దాం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 7,236 కోట్ల లీటర్ల మురుగునీరు వస్తోంది. నిజంగా శుద్ధవుతోంది 2,023 కోట్ల లీటర్లు. నూటికి ఇరవై ఎనిమిది పాళ్లు! మిగతాది చెరువులకో, నదులకో పోతోంది.

కొత్త కేంద్రాలు వస్తున్నాయి. హైదరాబాద్‌లో అంబర్‌పేట కేంద్రం ఒక్కటే రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేసేలా కట్టినది. అవి చాలవని నగరంలో 31 కొత్త కేంద్రాల నిర్మాణం చేపట్టారు. సంతోషించాల్సిన విషయమే. అయితే నీళ్లు ఎక్కువ శుద్ధయిన కొద్దీ మడ్డి ఎక్కువవుతుందని ఇందాకే అనుకున్నాం కదా... దాని ఏర్పాటు కూడా వెంట రావాలి.

మన చట్టం దృష్టి ఎప్పుడూ నీటి మీదే. 2017 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన శుద్ధి కేంద్రాల ప్రమాణాల్నే తీసుకోండి. బయటికి వదిలే నీళ్ల గాఢత ఎంతుండాలి, మురికి ఎంతుండాలి, బ్యాక్టీరియా ఎన్ని ఉండొచ్చు... అన్నీ నీళ్ల గురించే. అడుగున మిగిలిన మడ్డి మాట అందులో లేదు. నగర కంపోస్టుకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో హద్దులున్నాయి. అవి అమెరికా హద్దుల కంటే గట్టివే. కాడ్మియం కిలోకు అక్కడ 39 మిల్లీగ్రాముల దాకా చెల్లితే, మన కంపోస్టులో 5కు మించకూడదు. కాగితం మీద మనమేం తీసిపోలేదు. ప్రతి ఊళ్లో మడ్డి లారీ బయల్దేరే ముందు ఆ పరీక్ష జరుగుతుందా అన్నదే అసలు ప్రశ్న. ద్రవ వ్యర్థాల నిర్వహణపై కేంద్ర పర్యావరణ శాఖ 2024 అక్టోబరులో ఒక ముసాయిదా విడుదల చేసింది. మురుగు గురించి ప్రత్యేకంగా ఆలోచించడమైనా మొదలైందనుకోవాలి.

కాలువ మొదట్లో ఏం జరుగుతుందో చెప్పే ఉదాహరణ మన పటాన్‌చెరులోనే ఉంది. సుమారు 90 మందుల కర్మాగారాల నీళ్లు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి అయిన తర్వాత కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. కొన్ని బ్యాక్టీరియాల్ని చంపడానికి సరిపోయే మోతాదుకు వెయ్యి రెట్లకు పైగా! ఆ కేంద్రం నీటిని 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా నగర మురుగులో కలిపి అంబర్‌పేటకు పంపే ఏర్పాటు తర్వాత జరిగింది. రసాయనాల నీళ్లూ ఇళ్ల నీళ్లూ ఒకే కాలువలో ప్రయాణిస్తే, చివర తేలే మడ్డిని ఏ లెక్కన చూడాలి? పరిశ్రమల శుద్ధి కేంద్రాల్లో మిగిలే రసాయన మడ్డిని మన చట్టం ప్రమాదకర వ్యర్థంగానే చూస్తుంది. ఇళ్ల మురుగు మడ్డిని అలా చూడదు. రెండూ కలిసే చోట ఆ గీత చెరిగిపోతుంది.

మందుల కర్మాగారాల నీళ్లలో ఏ యాంటీబయాటిక్ ఎంత ఉండొచ్చో చెబుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. అందులో 121 మందుల పేర్లున్నాయి. 2021 ఆగస్టులో వచ్చిన తుది ప్రకటనలో ఆ హద్దులు కనిపించలేదు. మొదట్లోనే పట్టుకునే అవకాశం చేతిదాకా వచ్చి జారిపోయింది.

ట్యాంకరు ఎటు పోయింది?

ఇదంతా మహానగరాల గొడవ, మాది చిన్న పట్టణం అంటారా? అక్కడ మడ్డి ఇంకా దగ్గర్లో ఉంటుంది. మీ ఇంటి సెప్టిక్ ట్యాంకులో!

2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణాల్లో మురుగు పైపు ఉన్న ఇళ్లు మూడోవంతు లోపే. సెప్టిక్ ట్యాంకు ఉన్నవి 38 శాతం. రెండు మూడేళ్లకోసారి ట్యాంకు తీయించాలని ఇంజినీర్లు చెబుతారు. పొంగేదాకా మనం కదలం. పొంగాక గోడ మీద రాసిన నంబరుకు ఫోన్ చేస్తాం. బండి వస్తుంది, గొట్టం వేసి లాగుతుంది, డబ్బు తీసుకుని వెళ్లిపోతుంది. ఎక్కడికి? ఊరి చివరి వాగుకో, చెరువు గట్టుకో, లేదంటే ఎవరి పొలానికో. ఐదు వేల లీటర్ల బండి ఒకటి ఆరుబయట ఖాళీ చేస్తే, ఐదు వేల మంది అక్కడ బహిర్భూమికి వెళ్లినట్టేనని ఈ రంగంలోని వాళ్లు చెబుతుంటారు. ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టించుకున్న ఫలితం ఒక్క బండితో గంగలో కలిసిపోతుంది.

పచ్చి మడ్డిని పొలంలో వేస్తే పంట బాగా వస్తుందని కొందరు రైతులు బండివాళ్లకు కబురు పెడతారు. పంట రావచ్చు. ఏలికపాముల గుడ్లు కూడా వస్తాయి. అవి మట్టిలో నెలల తరబడి బతికి ఉంటాయి. ఆకుకూరలతోపాటు ఇంటికి చేరతాయి. అందుకే గ్రాము పొడి మడ్డిలో ఒక్క గుడ్డు కూడా ఉండరాదన్నంత కచ్చితంగా 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది.

దీనికి మన దగ్గరే మంచి బాట పడింది. వరంగల్ నగర పాలక సంస్థ 2016లో సెప్టిక్ ట్యాంకుల మడ్డిపై నిబంధనలు తెచ్చింది. బండికి లైసెన్సు ఉండాలి, పనివాళ్లకు రక్షణ సామగ్రి ఇవ్వాలి, చెప్పిన చోటే ఖాళీ చేయాలి. ఆ మరుసటి ఏడాదికల్లా మడ్డి శుద్ధి కేంద్రం పెట్టారు. అక్కడ మడ్డిని ఆరబెట్టి, గాలి సరిగా తగలనీయకుండా కాల్చి బొగ్గులాంటి పొడిగా మారుస్తారు. ఆ వేడికి పాముగుడ్లు, క్రిములు మిగలవు. పశ్చిమ గోదావరిలోని నర్సాపురంలోనూ ఇలాంటి కేంద్రం వచ్చింది. బెంగళూరు దగ్గరి దేవనహళ్లిలో 2015లోనే చిన్న కేంద్రం పెట్టి, మడ్డిని ఊరి తడిచెత్తతో కలిపి కంపోస్టు చేశారు. దేశానికంతటికీ విధానం వచ్చింది 2017లో. అంటే దిల్లీ కంటే ముందే మన పట్టణం మేలుకుందన్నమాట!

చిన్న పట్టణాలకు ఇంకో అదృష్టం కూడా ఉంది. అక్కడి సెప్టిక్ ట్యాంకుల్లో కర్మాగారాల రసాయనాలు కలవవు. ఇంటి మడ్డి ఇంటి మడ్డిగానే ఉంటుంది. సరిగా బాగుచేస్తే మంచి ఎరువు అయ్యేది అదే. చెడగొట్టుకోకుండా ఉండటమే మన పని.

మనమేం చేయొచ్చు?

కాలువ మొదలు మన ఇల్లే కాబట్టి కొన్ని పనులు మన చేతుల్లోనే ఉన్నాయి.

* మిగిలిపోయిన మందులు, పెయింట్లు, థిన్నర్, పురుగుమందు కడిగిన నీళ్లు మరుగుదొడ్లో పోయకండి. ట్యాంకులో పనిచేసే బ్యాక్టీరియాను అవి చంపేస్తాయి. మడ్డిలో మిగిలిపోతాయి.
* యాసిడ్ వాడకం తగ్గించండి. వాడిన నూనె, బట్టలు, శానిటరీ న్యాప్‌కిన్లు కాలువలో వేయొద్దు.
* మూడేళ్లకోసారి ట్యాంకు తీయించండి. పొంగేదాకా ఆగితే అప్పటికే సగం మడ్డి వీధి కాలువలోకి పోయి ఉంటుంది.
* మనిషిని ట్యాంకులోకి దింపకండి. 2013 చట్టం ప్రకారం అది నేరం. లోపలి విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఆ డబ్బు ఏ ఇంటికీ మనిషిని తిరిగి తెచ్చివ్వదు.
* బండి పిలిచేటప్పుడు పురపాలక సంఘం గుర్తింపు ఉందో లేదో చూడండి. ‘ఎంత తీసుకుంటావు’ అని అడిగేటప్పుడే ‘ఎక్కడ ఖాళీ చేస్తావు’ అని కూడా అడగండి.

ఈ రెండో ప్రశ్న మన వార్డు సభ్యుణ్నీ అడగాలి. పక్కన కొత్తగా వచ్చే పరిశ్రమనూ, దానికి అనుమతిచ్చే అధికారినీ అడగాలి. ‘మీ నీళ్లు ఎక్కడ కలుస్తాయి? కలిసేముందు ఏం తీసేస్తున్నారు?’ మెయిన్ రైతు పొలంలో మడ్డి చల్లిన రోజున ఈ మాట అడిగినవాళ్లు ఒక్కరున్నా, ఆ ఆవుల పాలు ఇప్పటికీ ఎవరి ఇంట్లోనో కాఫీలో కలుస్తూ ఉండేవి.